గాయపడ్డ సిపాయిల కోసం కలం పట్టిన ఆగ్నెస్ స్మెడ్లీ

మన సంఘం వార్షిక సంచికల్లో యుద్ధాల గురించి, పతకాలు తెచ్చుకున్న మనవాళ్ల గురించి ఏటా చదువుతూనే ఉన్నాం. అవన్నీ ఉండాల్సినవే. కానీ యుద్ధభూమిలో తుపాకీ లేకుండా, చేతిలో నోటుబుక్కుతో తిరిగే మనుషులు కూడా ఉంటారు. వాళ్లే విలేఖరులు. ఇంటి దగ్గరున్న జనానికి యుద్ధం ఎలా తెలుస్తుందన్నది చాలావరకు వాళ్ల మీదే ఆధారపడి ఉంటుంది. అలాంటి ఒక మహిళా విలేఖరి గురించి ఈసారి రాస్తున్నాను. పేరు ఆగ్నెస్ స్మెడ్లీ. పుట్టింది అమెరికాలో, పేరు తెచ్చుకున్నది చైనాలో. ఆ రెంటి మధ్య ఆమె జీవితంలో చాలాభాగం మన దేశం కోసమే ఖర్చయింది. అందులో మన హైదరాబాదు కూడా ఉంది, మేముండే ఈ జంషెడ్‌పూర్‌తో దూరపు చుట్టరికం కూడా ఉంది.

నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. మా కోర్‌లో డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ పేరు వినని వాళ్లు తక్కువ. శాంతారాం తీసిన సినిమా వల్ల మామూలు జనానికీ ఆయన తెలుసు. చైనా వెళ్లి, అక్కడి సిపాయిలకు వైద్యం చేస్తూ, అక్కడే ప్రాణం వదిలిన షోలాపూర్ డాక్టరు. అయితే ఆయన చైనాకు ఎందుకు వెళ్లాల్సి వచ్చింది? మన డాక్టర్లు కావాలని ఎవరు అడిగారు? ఆ అడగడం వెనక ఎవరున్నారు? ఈ ప్రశ్నల వెంట వెళ్తే తేలేది ఈ విలేఖరి పేరే.

బొగ్గు గనుల పిల్ల

స్మెడ్లీ 1892 ఫిబ్రవరి 23న అమెరికాలోని మిస్సౌరీ రాష్ట్రంలో, ఓస్‌గుడ్ అనే పల్లెలో పుట్టింది. పేద రైతు కుటుంబం. ఆమె చిన్నతనంలోనే వాళ్లు బతుకుదెరువు కోసం కొలరాడో రాష్ట్రానికి, ట్రినిడాడ్ చుట్టుపక్కల బొగ్గు గనుల ప్రాంతానికి చేరారు. తండ్రి గనుల దగ్గర బళ్లు తోలేవాడు. తల్లి ఇతరుల బట్టలు ఉతికేది, ఇంట్లో అద్దెకుండే కూలీలకు వండి పెట్టేది. కూతురికి ఇరవై నిండకముందే ఆ తల్లి కన్నుమూసింది.

ఆ ప్రాంతపు గనుల్లో చాలావాటిని నడిపింది ప్యూబ్లోలో ఉక్కు కర్మాగారమున్న కొలరాడో ఫ్యూయల్ అండ్ ఐరన్ కంపెనీ. గని కంపెనీది, ఇల్లు కంపెనీది, సరుకుల కొట్టు కంపెనీది. జంషెడ్‌పూర్‌లో పెరిగిన నాలాంటి వాడికి కంపెనీ ఊరంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం, గంజాం వైపు నుంచి మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఈ ఊరొచ్చి కంపెనీ నీడలోనే తరాలు గడిపాయి. అయితే మన ఊరికీ, ఆ ఊళ్లకీ పెద్ద తేడా ఉంది. టాటాలు మొదటినుంచీ ఆస్పత్రి, బడి, మంచినీళ్లు అని ఆలోచించి ఊరు కట్టారు. అక్కడ 1914లో లడ్లో అనేచోట సమ్మె చేస్తున్న గని కార్మికుల గుడారాల మీద కాల్పులు జరిపి, నిప్పు పెట్టారు. ఆడవాళ్లు, పసిపిల్లలు కూడా చనిపోయారు. అప్పటికి స్మెడ్లీ ఆ ప్రాంతం వదిలి వెళ్లిపోయింది. కానీ ఆమె రాతలో కడదాకా కనిపించే కోపం మొదలైంది ఆ గనుల దగ్గరే.

చదువు సరిగా సాగలేదు. పల్లెటూరి బళ్లలో టీచరుగా చేసింది, టైపు నేర్చుకుంది, కొన్నాళ్లు అరిజోనాలో టీచర్ల శిక్షణ కాలేజీలో చదివింది. చివరికి న్యూయార్క్ చేరింది.

లాలా లజపతి రాయ్ శిష్యురాలు

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో లాలా లజపతి రాయ్ న్యూయార్క్‌లో ప్రవాసంలో ఉన్నారు. స్మెడ్లీ ఆయన దగ్గర టైపింగ్ పని చేసింది. ఆయన ఆమెకు మన చరిత్ర పాఠాలు చెప్పారు. ఇంగ్లీషు డిగ్రీలు లేని ఆ అమ్మాయికి భారతదేశమే విశ్వవిద్యాలయం అయిందంటే అతిశయోక్తి కాదు. క్రమంగా గదర్ వాళ్లతోనూ, ఇతర భారత విప్లవకారులతోనూ పరిచయాలు పెరిగాయి.

1918 మార్చిలో అమెరికా ప్రభుత్వం ఆమెను గూఢచర్య చట్టం కింద అరెస్టు చేసింది. బ్రిటన్, అమెరికా ఒకే పక్షాన యుద్ధం చేస్తున్న కాలం అది. బ్రిటిష్ పాలనకు వ్యతిరేకంగా పనిచేసే భారతీయులకు సాయపడటం నేరమైంది. టూంబ్స్ అనే జైల్లో పెట్టారు. తర్వాత కేసు ఎత్తేశారు. జైల్లో తనతో ఉన్న ఆడవాళ్ల గురించి ఆమె రాసిన కథనాలు పత్రికలో అచ్చయ్యాయి. మనుషుల్ని దగ్గరగా చూసి రాసే విద్య ఆమెకు అక్కడే అబ్బిందని చెప్పుకోవచ్చు.

ఇక్కడ ఒక చిన్న పోలిక చెప్పాలి. సరిగ్గా అదే యుద్ధంలో మన సాక్చిలో తయారైన పట్టాలు మెసొపొటేమియా, ఈజిప్టు, తూర్పు ఆఫ్రికా రంగాలకు వెళ్లాయి. దానికి కృతజ్ఞతగా వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ 1919 జనవరి 2న స్వయంగా వచ్చి సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. ఒకవైపు మన ఇనుము, మన సిపాయిలు బ్రిటన్‌ను గెలిపిస్తున్నారు. మరోవైపు మన స్వాతంత్ర్యం కోరినందుకు ఒక అమెరికన్ యువతి జైలు గోడల మధ్య ఉంది. రెండూ మన చరిత్రే. మనం మొదటిదాన్నే ఎక్కువ గుర్తుపెట్టుకున్నాం.

విడుదలయ్యాక ఆమె ‘ఫ్రెండ్స్ ఆఫ్ ఫ్రీడమ్ ఫర్ ఇండియా’ సంస్థకు కార్యదర్శిగా ఉండి, భారతీయ ఉద్యమకారుల్ని అమెరికా నుంచి వెళ్లగొట్టకుండా చూసేందుకు పోరాడింది.

బెర్లిన్‌లో హైదరాబాదు

1920 చివర్లో ఓడలో పని కుదుర్చుకుని ఐరోపాకు బయలుదేరింది. బెర్లిన్‌లో వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ పరిచయమయ్యారు. అందరూ ‘చట్టో’ అనేవారు. ఈయన 1880లో హైదరాబాదులో పుట్టారు. నిజాం కాలేజీకి పునాది వేసిన డాక్టర్ అఘోరనాథ్ చటోపాధ్యాయ కుమారుడు, సరోజినీ నాయుడు తమ్ముడు. ఇంటి పేరు బెంగాలీదే గాని పెరిగిన గాలి హైదరాబాదుది. ఐరోపాలో ఉంటూ దశాబ్దాల పాటు బ్రిటిష్ వాళ్లకు నిద్ర లేకుండా చేసిన మనిషి.

పెళ్లి తంతు లేకుండానే ఇద్దరూ సుమారు 8 ఏళ్లు కలిసి బతికారు. కాపురం సాఫీగా సాగలేదు. డబ్బు లేదు, పోలీసుల నిఘా ఉంది, ఇంటినిండా ఎప్పుడూ అతిథులు. ఆవిడ మనసు, ఆరోగ్యం రెండూ దెబ్బతిన్నాయి. అయినా ఆ ఇంట్లోనే ఆమె రచయిత్రి అయింది. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు చెప్పింది. కలకత్తా నుంచి వెలువడే ‘మోడరన్ రివ్యూ’కు వ్యాసాలు పంపింది. తన జీవితాన్నే నవలగా మలిచి ‘డాటర్ ఆఫ్ ఎర్త్’ రాసింది. అది 1929లో అచ్చయింది. నెహ్రూగారు ఐరోపా వచ్చిన 1926, 27 సంవత్సరాల్లో చట్టోతో పరిచయం కలిగింది. ఆ పరిచయం పదేళ్ల తర్వాత పనికొచ్చింది.

చైనాలో విదేశీ విలేఖరి

1928 చివర్లో చట్టోను వదిలి, జర్మనీలోని పేరున్న ‘ఫ్రాంక్‌ఫర్టర్ త్సైటుంగ్’ పత్రిక విలేఖరిగా చైనాకు బయలుదేరింది. రష్యా, మంచూరియా మీదుగా ప్రయాణించి 1929లో షాంఘై చేరింది. అప్పటికి ఆమెకు 37 ఏళ్లు. ఆ రోజుల్లో పత్రికలు ఆడవాళ్లకు ఇచ్చేది ఫ్యాషన్లు, విందులు, వంటల పేజీ. ఒక ఆడమనిషిని ఖండాంతరానికి, అంతర్యుద్ధం జరుగుతున్న దేశానికి పంపడం అరుదు.

షాంఘైలో విదేశీ విలేఖరులు చాలామంది ఉండేవారు. ఎక్కువమంది హోటళ్లలో, క్లబ్బుల్లో దొరికే మాటలతో వార్త అల్లేవారు. స్మెడ్లీ పట్టు మిల్లులకు వెళ్లింది, పల్లెలకు వెళ్లింది, కరువు చూసింది. ప్రఖ్యాత రచయిత లూ షున్‌తోనూ, సన్ యట్ సేన్ భార్య సుంగ్ చింగ్ లింగ్‌తోనూ స్నేహం కలిసింది. అక్కడి బ్రిటిష్ పోలీసులు ఆమె మీద ఫైలు తెరిచారు. చైనా సంగతులకంటే ముందు వాళ్లకు ఆమె భారత సంబంధాలే అనుమానం కలిగించాయి.

1936 డిసెంబరులో షియాన్ నగరంలో సైన్యాధికారులు తమ సర్వసేనాని చియాంగ్ కై షేక్‌నే నిర్బంధించారు. జపాన్‌తో యుద్ధం చేయాలిగాని మనలో మనం కొట్టుకోకూడదన్నది వాళ్ల పట్టు. ఆ సమయానికి స్మెడ్లీ ఆ ఊళ్లోనే ఉంది. అక్కడి రేడియో నుంచి ఇంగ్లీషులో వార్తలు చదివి బయటి ప్రపంచానికి సంగతి చెప్పింది. 1937 మొదట్లో కమ్యూనిస్టుల కేంద్రమైన యేనాన్ చేరి, వాళ్ల సర్వసేనాని జూ డెతో రోజుల తరబడి కూర్చుని ఆయన జీవితకథ రాసుకుంది. పాత పుస్తకాల్లో ఈయన పేరు చూ తే అని కనిపిస్తుంది. తర్వాత ‘మాంచెస్టర్ గార్డియన్’ పత్రికకు కూడా ఆమె యుద్ధవార్తలు పంపింది.

స్ట్రెచర్ లేని యుద్ధం

1937 జూలైలో జపాన్ పూర్తిస్థాయి దాడి మొదలుపెట్టింది. ఆ చలికాలంలో స్మెడ్లీ ఎనిమిదో రూట్ సైన్యంతో కలిసి షాన్సీ కొండల్లో నడిచింది. అక్కడే ఆమె రాతకు ఒక కేంద్రం దొరికింది. అది గెలుపోటముల లెక్క కాదు. గాయపడ్డ సిపాయి.

మన సైన్యంలో గాయపడిన జవాను విషయంలో ఒక వరస ఉంటుంది. పక్కనున్నవాడు మొదటి కట్టు కడతాడు. యూనిట్ ఎయిడ్ పోస్టులో రెజిమెంటల్ మెడికల్ ఆఫీసర్ చూస్తాడు. అక్కణ్ణుంచి అడ్వాన్స్‌డ్ డ్రెస్సింగ్ స్టేషన్, ఆపైన సర్జన్ ఉన్న ఆస్పత్రి. రక్తం ఎంత తొందరగా ఆపితే, మనిషి ఎంత తొందరగా ఆపరేషన్ బల్ల మీదికి చేరితే బతికే అవకాశం అంత ఎక్కువ. మాకు లక్నో సెంటర్‌లో మొదట నేర్పింది ఇదే. ఈ గొలుసులో ఒక్క లింకు తెగినా ప్రాణం పోతుంది.

స్మెడ్లీ చూసిన యుద్ధంలో అసలు గొలుసే లేదు. చదువుకున్న డాక్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మత్తుమందు లేదు, కట్టుగుడ్డ లేదు. గాయపడ్డవాళ్లను రైతులు భుజాల మీద మోసుకుని కొండలు దాటించాలి. దారిలో పుండు కుళ్లుతుంది. తుపాకీ గుండు చంపనివాణ్ణి చలి, మలేరియా, ఆకలి చంపుతాయి. స్మెడ్లీ ఇవన్నీ వార్తల్లో, పుస్తకాల్లో రాసింది. రాసి ఊరుకోలేదు. చైనా రెడ్‌క్రాస్ వైద్య దళం తరఫున ఊరూరా, దేశదేశాలకూ ఉత్తరాలు రాసి మందులు, డబ్బు, డాక్టర్లు కావాలని అడిగింది.

అలా అడిగిన వాటిలో ఒకటి మన దేశానికి వచ్చింది. ఆమె చొరవతో 1937 నవంబరులో జూ డె స్వయంగా నెహ్రూగారికి ఉత్తరం రాశారు. మా సైన్యానికి డాక్టర్లను, మందులను పంపగలరా అని. ఒక్క సంగతి గమనించండి. ఆ ఉత్తరానికి రెండు నెలల ముందే, 1937 సెప్టెంబరు 2న, సోవియట్ దేశంలో స్టాలిన్ ప్రభుత్వం చట్టోకు మరణశిక్ష అమలు చేసింది. ఆ నిజం లోకానికి తెలియడానికి దశాబ్దాలు పట్టింది. హైదరాబాదు మనిషి అక్కడ దిక్కులేని చావు చచ్చాడు. ఆయన ద్వారా ఏర్పడ్డ భారత బంధం మాత్రం ఇక్కడ ఫలించింది.

జంషెడ్‌పూర్ నాయకుడు, ఐదుగురు డాక్టర్లు

1938లో కాంగ్రెస్ అధ్యక్షులు సుభాష్ చంద్ర బోస్. మా ఊరివాళ్లకు ఆయన అంతకుముందే తెలుసు. 1928 సమ్మె సమయంలో జంషెడ్‌పూర్ లేబర్ అసోసియేషన్ అధ్యక్షులుగా వచ్చి, కంపెనీతో రాజీ కుదిర్చినవారు ఆయనే. పని మనుషుల కష్టం దగ్గరగా చూసినవారు. చైనా మీద జపాన్ దాడిని విమర్శిస్తూ 1937లో ‘మోడరన్ రివ్యూ’లో వ్యాసం రాశారు. 1938 జూలై 7, 8, 9 తేదీల్లో చైనా దినాలు జరిపి 22 వేల రూపాయలు పోగుచేశారు. ఒక అంబులెన్సు కూడా సమకూరింది. మనమే పరాయి పాలనలో ఉన్నాం, మన దగ్గరే డాక్టర్లు లేరు. అయినా జనం ఇచ్చారు.

సెప్టెంబరు 1న బొంబాయి నుంచి ఐదుగురు బయలుదేరారు. అలహాబాదు నుంచి అటల్, నాగపూర్ నుంచి చోల్కర్, షోలాపూర్ నుంచి కోట్నిస్, కలకత్తా నుంచి బసు, ముఖర్జీ. అటల్ అంతకుముందు స్పెయిన్ యుద్ధంలో పనిచేసి వచ్చినవారు. నెలాఖరుకు హాంకౌ చేరారు. నగరం జపాన్ చేతికి చిక్కడానికి అప్పటికి నెల రోజులు కూడా లేదు. స్మెడ్లీ అప్పుడు అక్కడే ఉంది, వాళ్లను కలుసుకుంది. 1939 ఫిబ్రవరిలో ఆ డాక్టర్లు యేనాన్ చేరారు. కెనడా నుంచి వచ్చిన సర్జన్ నార్మన్ బెథూన్ 1939 నవంబరులో, ఆపరేషన్ చేస్తూ వేలికైన గాయం విషమించి చనిపోయారు. ఆయన పేరున పెట్టిన ఆస్పత్రికి 1941లో మన కోట్నిస్ అధిపతి అయ్యారు. చైనా నర్సును పెళ్లాడారు, కొడుకు పుట్టాడు. ఆ బిడ్డకు నాలుగు నెలలు కూడా సరిగా నిండకముందే, 1942 డిసెంబరు 9న, 32 ఏళ్ల వయసులో మూర్ఛవ్యాధితో ఆయన కన్నుమూశారు.

ఒక విలేఖరి రాతకు ఎంత విలువ అని అడిగితే నేను ఈ లెక్కే చెబుతాను. ఎన్ని పేజీలు అచ్చయ్యాయని కాదు, ఎన్ని స్ట్రెచర్లు కదిలాయి అని.

మరి 1962 సంగతేమిటి?

ఈ వ్యాసం రాస్తున్నానని తెలిసి మన సంఘ మిత్రుడొకరు సూటిగా అడిగారు. “ఏమండీ, ఆవిడ పొగిడిన సైన్యమే కదా 1962లో మన మీదికొచ్చింది? ఆవిడకు మన సంచికలో పేజీలెందుకు?”

న్యాయమైన ప్రశ్న. దాటవేయడం కుదరదు. ఆ ఏడాది నేఫాలో, లడఖ్‌లో మంచులో చనిపోయిన మనవాళ్ల పేర్లు ఇంకా మన గుండెల్లో ఉన్నాయి. ఆమెకు తెలిసిన జూ డె 1962 నాటికి సేనాని కాదు, అక్కడి పార్లమెంటు స్థాయీ సంఘానికి అధ్యక్షుడు. కానీ సైన్యం అదే సైన్యం. స్మెడ్లీ 1950లోనే చనిపోయింది కాబట్టి ఆ యుద్ధానికి ఆమె ఏమనేదో ఊహించడం వృథా.

ఆమె పక్షపాతం లేని విలేఖరి కాదు. ఆ మాట ముందే ఒప్పుకోవాలి. తాను ప్రేమించిన సైన్యం తప్పుల్ని ఆమె తక్కువగా చూసింది. షాంఘైలో సోవియట్ గూఢచారి రిఛర్డ్ జోర్గేతో, అతని జపాన్ మిత్రుడు ఒజాకీతో ఆమెకు దగ్గరి పరిచయం ఉంది. వాళ్లిద్దర్నీ 1944లో టోక్యోలో ఉరి తీశారు. 1949 ఫిబ్రవరిలో అమెరికా సైన్యం ఒక నివేదికలో స్మెడ్లీని సోవియట్ గూఢచారి అంది. ఆమె దావా వేస్తానని నిలబడితే, ఆ నివేదికను అలా విడుదల చేయడం పొరపాటని కొద్ది రోజుల్లోనే ఒప్పుకుంది. కానీ 2005లో ఆమె జీవితచరిత్ర రాసిన రూత్ ప్రైస్ పాత దస్తావేజులు తిరగేసి, కొమింటర్న్ అనే అంతర్జాతీయ కమ్యూనిస్టు సంస్థ కోసం ఆమె రహస్యంగా పనిచేసిందనే తేల్చారు. అభిమానంతో మొదలుపెట్టిన రచయిత్రే అలా తేల్చారంటే కొట్టిపారేయలేం. అయినా ఆమె పార్టీ క్రమశిక్షణకు లొంగే మనిషి కాదు, కమ్యూనిస్టులకే ఆమెతో వేగడం కష్టమైంది.

ఇక నా జవాబు. విలేఖరి వేషంలో రహస్యపు పని చేయడం తప్పు. దానివల్ల నిజాయితీగా తిరిగే తక్కిన విలేఖరులందరి ప్రాణాల మీదికి వస్తుంది. ఈ విషయంలో ఆమెను సమర్థించను. కానీ గాయపడ్డవాడి విషయం వేరు. మా కోర్‌లో మాకు నేర్పిన ధర్మం ప్రకారం, దొరికిన శత్రు సైనికుడికి గాయమైతే అతనికీ కట్టు కట్టాలి. జెనీవా ఒప్పందాలు చెప్పేదీ అదే. 1938లో కోట్నిస్ కట్టుకట్టిన కుర్రాడు శత్రువు కాదు, దాడికి గురైన దేశపు సిపాయి. ఇరవై నాలుగేళ్ల తర్వాత ఆ దేశం ఏం చేస్తుందో తెలుసుకుని అప్పుడు గాజుగుడ్డ తీయాలంటే, లోకంలో ఏ డాక్టరూ పనిచేయలేడు.

చరిత్ర పక్షాలు మారుస్తూనే ఉంటుంది. జపాన్‌ను విమర్శించి చైనాకు డాక్టర్లను పంపిన నేతాజీయే, కొన్నేళ్లకు దేశ స్వాతంత్ర్యం కోసం జపాన్ సాయంతో ఆజాద్ హింద్ ఫౌజ్‌ను నడిపారు. ఆయన దేశభక్తిని మనం శంకించం. కాలం ఆయన ముందు పెట్టిన దారులు అవి. ఆ ఔదార్యంలో కొంత స్మెడ్లీకీ దక్కాలని నా మనవి. మన స్వాతంత్ర్యం కోసం, మనం కూడా అడగకముందే, జైలుకు వెళ్లిన మనిషి కదా.

చివరి మజిలీ

1940లో జబ్బుపడి చైనా వదిలింది, 1941లో అమెరికా చేరింది. 1943లో వచ్చిన ‘బాటిల్ హిమ్ ఆఫ్ చైనా’ యుద్ధ విలేఖరుల పుస్తకాల్లో గొప్పవాటిలో ఒకటి. గూఢచారి అన్న ముద్ర పడ్డాక స్వదేశంలో బతుకు కష్టమైంది. 1949 చివర్లో ఇంగ్లండు వెళ్లింది. 1950 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో, కడుపులో పుండుకు ఆపరేషన్ చేసిన తర్వాత చనిపోయింది. వయసు 58. ఆమె అస్థికలు 1951లో బీజింగ్‌లోని బాబావోషాన్ శ్మశానంలో ఉంచారు. జూ డె జీవితచరిత్ర ‘ది గ్రేట్ రోడ్’ 1956లో, ఆమె పోయాకనే వెలువడింది.

చైనా నాయకులు మన దేశానికి వచ్చినప్పుడు కోట్నిస్ కుటుంబాన్ని పలకరించడం ఆనవాయితీగా సాగింది. స్మెడ్లీని పలకరించడానికి మాత్రం ఏ దేశంలోనూ కుటుంబమంటూ మిగల్లేదు. అమెరికా అనుమానించింది, బ్రిటన్ నిఘా పెట్టింది, మనం మరిచిపోయాం.

మన పిల్లల్లో ఇప్పుడు చాలామంది అమ్మాయిలు జర్నలిజం చదువుతున్నారు. సైన్యంలోనూ చేరుతున్నారు. వాళ్లకు ఈ కథ చెప్పండి. మంచీ చెడూ రెండూ చెప్పండి. ముఖ్యంగా, యుద్ధం గురించి రాసేవాళ్లు మ్యాపు మీద బాణాలు గీసేముందు ఒకసారి ఎయిడ్ పోస్టుకు వెళ్లి చూడాలని చెప్పండి. ఏ సైన్యంలోనైనా నిజం అక్కడే పడుకుని ఉంటుంది.

జై హింద్.